నీలం చొక్కాలో పిట్టలదొర

కర్దనూర్ వెళ్ళే రోడ్డు మీద ఏ చాయ్ హోటల్ దగ్గర కాసేపు నిలబడ్డా దశరథ్ గురించి ఒక మాట వినబడుతుంది. మూతపడిన మోటార్ల ఫ్యాక్టరీని మళ్ళీ తెరుస్తున్నారని ఆయన టీవీలో చెప్పాడట. నమ్మిన జనం అన్నం డబ్బాలు కట్టుకుని గేటు ముందుకు వచ్చారట. అప్పుడు ఆయన పిట్టలదొర వేషంలో, చేతిలో కట్టె తుపాకి పట్టుకుని వచ్చి, వాళ్ళ ముఖం మీదే నవ్వాడట.

మొన్న మా ఆఫీసుకు చాయ్ కోసం ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంటే, ఒకాయన పక్కనున్న మనిషికి ఇదే చెప్తున్నాడు.

"ఆడోళ్ళు ఏడుస్తుంటే వీడు మోరీ గోడెక్కి తుపాకి కాల్చినట్టు చేసిండట. ఎంత గుండె గావాలె!"

"ఎవలన్న చేపిచ్చిన్రేమో."

"చేపియ్యకుంటె ఉట్టిగనే చేస్తడా? రెండో పార్టోళ్ళే ఉంటరు ఎన్కల."

ఫ్లాస్కు నిండింది. మూత బిగించుకుని వచ్చేశాను. నలుగురి మధ్య నా గొంతు లేవదు. కానీ ఆ రోజు నేను ఆ గేటు దగ్గరే ఉన్నాను.

దశరథ్ నాకు మామ. రక్తసంబంధం ఏమీ లేదు. మా అమ్మ ఆగమ్మా ఆయనా ఆ మోటార్ల ఫ్యాక్టరీలో పదహారేళ్ళు కలిసి పనిచేశారు. అమ్మ ఆయన్ని అన్నా అని పిలుస్తుంది, అలా నాకు మామ అయ్యాడు. అమ్మది రాగి తీగ చుట్టే సెక్షన్. మామది, చుట్టిన వాటిని వార్నిష్‌లో ముంచి ఆరబెట్టే సెక్షన్. ఆయన మా ఇంటికి వస్తే ముందు ఆ వాసన వచ్చేది, తర్వాత మనిషి వచ్చేవాడు. ఎనిమిదేళ్ళ కింద ఒక బుధవారం ఫ్యాక్టరీ గేటుకు తాళం పడింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. పదికి వెళ్ళలేదు.

తాళం పడ్డాక మామ ఇంటి ముందు గదిలో బోరు మోటార్లు బాగుచేసే చిన్న దుకాణం పెట్టాడు. ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన నీలం చొక్కా ఒకటి మిగిలితే పనిలో అదే తొడుక్కునేవాడు. జేబు మీద కుట్టిన ఫ్యాక్టరీ ముద్ర మాత్రం ఊడదీయలేదు. మధ్యాహ్నం ఆకలైతే లేచి పరదా పక్కకు జరిపి లోపలికి వెళ్ళేవాడు, అన్నం అక్కడే. "మీ మామకు డబ్బా కట్టే పని తప్పింది నాకు," అని అత్త నవ్వేది. నవ్వాక గిన్నెల వైపు తిరిగిపోయేది.

మామ వాళ్ళ నాన్న పిట్టలదొర వేషం కట్టేవాడు. పంటలు ఇళ్ళకు చేరాక ఊరూరు తిరిగేవాడు. చిరిగిన ఖాకీ కోటు, నెత్తిన పెద్ద టోపీ, భుజాన కట్టె తుపాకి. వాకిట్లో నిలబడి లేని జాగీర్లు ఉన్నాయనీ, చంపని పులుల్ని చంపాననీ చెప్పేవాడు. ఆ అబద్ధాల మధ్యలోనే ఊరి పెద్దల గుట్టు కూడా చెప్పేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, ఆ పెద్దలు కూడా నవ్వాల్సి వచ్చేది. పోతూ పోతూ ఆయన కొడుక్కి కోటూ టోపీ తుపాకీ ఇచ్చి ఒక మాట చెప్పాడట.

"కోటు తొడిగినంకనే అబద్ధం. కోటు ఇప్పినంక ఒక్కటి గూడ ఆడొద్దు కొడుకా."

మామ ఆ మాట మీదే ఉండేవాడు. మోటారు పట్టుకొచ్చిన వాళ్ళకు కూడా, "ఇది ఇగ నడ్వదన్నా, నడుస్తదని చెప్పి నీ తిప్పలు పెంచలేను," అనేవాడు. వచ్చినవాళ్ళకు కోపం వచ్చేది. మళ్ళీ వచ్చేవాళ్ళు.

నేను పటాన్‌చెరులో కేబుల్ ఆఫీసులో పనిచేస్తాను. టీవీ కింద పరుగెత్తే అక్షరాలు టైపు చేస్తాను: పుట్టినరోజు శుభాకాంక్షలు, కనబడుటలేదు, ప్లాట్లు అమ్మబడును. ఆఫీసు నడిపేది పవన్‌కుమార్ సార్. పెద్ద చానళ్ళు మన వీధుల సంగతి చెప్పవని ఆయన బాధ. ఒక దసరాకి మామ వేషం చూసి, "మామా, ఇది కెమెరా ముందర చెప్తవా?" అని అడిగాడు. అలా మూడేళ్ళ కింద 'అంతా నిజమే' మొదలైంది. ప్రతి ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు, పావుగంట. వెనక ఒక ఆకుపచ్చ గుడ్డ, ముందు మామ. కెమెరా పట్టుకునేది నేనే.

"నిన్న నేను పార్టీ మారిన," అని మొదలుపెట్టేవాడు మామ. "పొద్దుగాల ఒకటి, పగటీలి ఒకటి, మాపటీలి ఒకటి. మూడు కండువలు జమైనయి. మా ఆమె మూడింటిని కలిపి కుట్టి దుప్పటి చేసింది. ఇగ చలికాలం ఎల్లిపోతది."

ఇంకో ఆదివారం: "చెరువును ఎత్కపోయిన దొంగను నేనే పట్టుకున్న. జేబులు తడిమిన. ఒక జేబుల కట్ట దొరికింది, ఇంకో జేబుల తూము దొరికింది. నీళ్ళేవిరా అంటె, సార్, అవి మా అపార్ట్‌మెంట్ సెల్లార్ల ఉన్నయి, వానకాలం వచ్చి సూడుండ్రి అన్నడు."

నాకు బాగా నచ్చింది మాత్రం మంచివాళ్ళ ముచ్చట. "మంచోళ్ళు ఎంతమంది ఉన్నరో సూసి రమ్మని సర్కారు నన్ను తోలింది. ఇల్లిల్లు తిరిగిన. నేను మంచోణ్ణే, పక్కింటోడే మంచోడు కాదు అని చెప్పిన్రు అందరు. గట్లనే రాస్కొచ్చిన. మన తాలూక అంత మంచోళ్ళే, ఒక్క పక్కింటోడు తప్ప."

ఆదివారం సాయంత్రం ఆఫీసు నుంచి నడిచి ఇంటికి వస్తుంటే ప్రతి కిటికీలోంచి మామ గొంతు వచ్చేది. ఒక ఇంట్లో మొదలైన మాట రెండో ఇంట్లో సగానికి వచ్చేది, మూడో ఇంటికి వచ్చేసరికి నవ్వు. గోడల మీద టీవీ వెలుగు నీళ్ళలా కదిలేది. గాలి పడమర నుంచి వీస్తే ఫ్యాక్టరీల ఘాటు వాసన వచ్చేది, తూర్పు నుంచి వీస్తే ఎవరింట్లోనో వెల్లుల్లి పోపు. ఈ సందు మొత్తాన్ని ఒకే మనిషి కలగంటున్నాడేమో అనిపించేది నాకు.

పోయిన కార్తీకం చివర్లో ముసురు పట్టింది. ఎన్నికలు దగ్గరికొచ్చాయి. ఆ వారంలోనే ముగ్గురు నాయకులు మూడు మైకుల్లో, మోటార్ల ఫ్యాక్టరీని తెరిపిస్తామని చెప్పారు. మామకు ఆ ఆదివారం ముచ్చట దొరికింది.

శుక్రవారం నేను ఆఫీసులో ఉండే కోటూ టోపీ ఇంటికి తెచ్చి ఉతికాను. మూడేళ్ళ చెమట, వార్నిష్ మరకలు. కెమెరాలో మచ్చలు కనబడుతున్నాయని నాకే అనిపించింది. ఎవరూ ఉతకమనలేదు. శనివారానికి కూడా ఆరలేదు. తాడు మీద ఆ కోటు చేతులు చాపి, నీళ్ళు కార్చుకుంటూ వేలాడుతోంది.

శనివారం రికార్డింగ్‌కు మామ దుకాణంలోంచి నేరుగా ఆఫీసుకు వచ్చాడు, నీలం చొక్కా మీదే. కోటు లేదని చెప్పాను.

"అయితే ఇయ్యాల ఒద్దు సార్," అన్నాడు మామ.

పవన్‌కుమార్ సార్ ఒప్పుకోలేదు. "ఏం మామా గిట్లంటవ్! రేపు ఏడు గొట్టంగ జనం టీవీ ముందర కూసుంటరు. ఖాళీ గుడ్డ సూపియ్యాల్నా? చెప్పేది ఫ్యాక్టరీ ముచ్చటనేనాయె, ఈ చొక్క ఇంక మంచిగున్నది."

"కోటు లేకుంట అబద్ధం ఎట్ల చెప్త సార్?"

"ప్రోగ్రాం పేరే పైన రాసుంటది గద. ఎవలకు తెల్వదు?"

మామ కొంచెంసేపు తుపాకి వైపు చూసి గుడ్డ ముందు నిలబడ్డాడు. నేను కెమెరా పెట్టాను. ఆ చొక్కాలో ఆయన ముఖం నా చిన్నప్పటి మామ ముఖంలా ఉంది, సాయంత్రం షిఫ్టు దిగి మా గుమ్మంలో నిలబడ్డప్పటిలా. దగ్గరగా తీయాలనిపించింది. తీశాను. తుపాకి ఫ్రేములో పడకుండా కింద ఎక్కడో ఉండిపోయింది.

"ఐదేండ్లకోపారి వచ్చి ఫ్యాక్టరీ తెరుస్తం అంటరు," అన్నాడు మామ. "ఎప్పుడు అంటె చెప్పరు. నేను గట్ల గాదు. సోమవారం. పొద్దుగాల ఎనిమిది గొట్టంగ. జనరల్ షిఫ్టు. సంగారెడ్డి దిక్కు నుంచి ఒక బస్సు, రామచంద్రాపురం దిక్కు నుంచి ఒక బస్సు. ముందుగాల కాయిలు చుట్టేటోళ్ళు, ఎన్క వార్నిషోళ్ళు, ఎన్క ప్యాకింగోళ్ళు. క్యాంటీన్ ఇంక సాఫ్ చెయ్యలే. గందుకని ఎవలి డబ్బ వాళ్ళు తెచ్చుకోండ్రి."

తర్వాత, "తాళంచెవి యాడున్నదంటరా? మా పిల్లి మింగింది. పిల్లిని పులి మింగింది. ఆ పులిని నేను తుపాకితోని బెదిరిచ్చి గేటుకాడ కట్టేసిన," అని ముగించాడు. సార్ పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు. క్యాంటీన్ మాట దగ్గర మామ గొంతు వేషంలో చెప్పినట్టు లేదు, గుర్తు చేసుకున్నట్టు ఉంది.

ఆదివారం ప్రోగ్రాం వచ్చింది. ఎవరో దాన్ని ఫోన్‌లో పట్టి, ముందూ వెనకా కోసి, 'సోమవారం' నుంచి 'డబ్బ తెచ్చుకోండ్రి' వరకు మాత్రమే ఉంచారు. అది ఫోన్ నుంచి ఫోన్‌కు పోయింది. నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ పాత గుర్తింపు కార్డును చీర కొంగుతో తుడుస్తోంది.

"అమ్మా, అది ప్రోగ్రాం. మామ అబద్ధం చెప్పిండు," అన్నాను.

అమ్మ ఫోన్ నా ముందు పెట్టింది. "సూడు. కోటు ఏస్కున్నడా?"

"లేదు."

"కోటు లేకుంట దశరథన్న ఎప్పుడన్న అబద్ధం ఆడిండా?"

బయట తాడు మీద కోటు ఇంకా నీళ్ళు కారుస్తూనే ఉంది. మామకు ఫోన్ చేశాను. ఆయనకు అప్పటికే ఇరవై మంది చేశారట. ఇరవై మందికీ కాదని చెప్పాడట. "ఎవలకు చెప్పొద్దన్నరా అన్నా, పర్వలేదు, మాకు తెల్సు," అన్నారట వాళ్ళు. టీవీలో చెప్పింది నమ్మారు, తానే ఫోన్‌లో చెప్తుంటే నమ్మడంలేదు.

"పదహారేండ్లు ఒక్కతాన తిన్నోళ్ళు కోడలా," అన్నాడు మామ. "రేపు వాళ్ళు నన్ను మోసగాడంటె ఇగ నేను ఏ కోటు ఏస్కున్నా ఒకటే. పొద్దుగాల పోయి మొకమ్మీద చెప్తా. కోటు ఆరిందా?"

"ఇంకా పచ్చిగనే ఉన్నది మామా."

"పచ్చిదే తీస్కరా."

సోమవారం పొద్దున ముసురు ఆగి మంచు దిగింది. రోడ్డు మీద లారీల దీపాలు తప్ప లారీలు కనబడలేదు. అమ్మ నాతో మాట్లాడకుండా ముందు నడుస్తోంది, చేతిలో డబ్బా, మెడలో కార్డు. మంచులోంచి ఒక్కొక్కరే తేలి వస్తున్నారు. కొందరు నీలం చొక్కాల్లో ఉన్నారు. అవి పొట్ట దగ్గర బిగిసిపోయాయి. ఎవరూ గట్టిగా మాట్లాడటంలేదు. గేటు మీది తుప్పు పట్టిన అక్షరాలు, వాటి వెనక ఎత్తుగా పెరిగిన పిచ్చిచెట్లు, ఆ వెనక ఏమీ లేనట్టు తెల్లగా.

ఎవరూ చెప్పకుండానే వాళ్ళు వరసలో నిలబడ్డారు. ముందు కాయిల్ సెక్షన్, వెనక వార్నిష్, ఆ వెనక ప్యాకింగ్. మధ్యలో అక్కడక్కడ ఖాళీ జాగా వదిలారు. ఎవరి కోసమా అని చూశాను. ఈ ఎనిమిదేళ్ళలో చనిపోయిన వాళ్ళు నిలబడే చోట్లు అవి.

గేటు కాపలాకు ఒక బీహారు మనిషి ఉంటాడు. ఆయన వచ్చాక ఆ గేటు ముందు మనిషి ఆగింది లేదు. "క్యా హై భయ్యా?" అని అడిగాడు.

"డ్యూటీ భయ్యా. జనరల్ షిఫ్ట్," అన్నాడు ప్యాకింగ్ ఎల్లయ్య.

ఆయన "అచ్ఛా" అని స్టూలు మీది నుంచి లేచి టోపీ సర్దుకున్నాడు.

మామ మోపెడ్‌కు తుపాకి కట్టుకుని వచ్చాడు. జనం గోలగా కదిలారు. "అన్న వచ్చిండు! తాళంచెవి అన్నతాన్నే ఉన్నదట!" మామ ఎవరి వైపూ చూడలేదు. హ్యాండిల్‌కు తగిలించిన చేతిసంచి తీసి నాకిచ్చి, "పట్టుకో, వంచకు," అన్నాడు. నేను తెచ్చిన తడి కోటు తొడుక్కున్నాడు. టోపీ పెట్టుకున్నాడు. తుపాకి భుజాన వేసుకుని గేటు పక్కన మురుగుకాలువ మీది మోరీ గోడ ఎక్కాడు.

"నేనెవలనుకున్నరు?" అన్నాడు పెద్దగా. "పిట్టలదొరను! మా ఇంట్ల ఎలుకలకు గూడ మోటరు సైకిళ్ళున్నయి. నిన్న గోలకొండ కిల్లను సంచిల ఏస్కొని ఇంటికి తెచ్చిన. ఈ ఫ్యాక్టరీ నాదే. ఆ ఆకాశం నాదే. సోమవారం తెరుస్త అన్నది గూడ ఈ నోరే!"

ముందు వరసలో ఇద్దరు నవ్వారు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. అర్థమవుతున్న కొద్దీ వరస వెనక్కి వెనక్కి నిశ్శబ్దమైంది. అప్పుడే రుద్రారం వెళ్ళే కాలేజీ బస్సు ఒకటి స్పీడు బ్రేకర్ దగ్గర నెమ్మదించింది. కిటికీల్లోంచి పిల్లలు ఫోన్లు పట్టుకుని తీశారు. నోరు తెరిచి, తుపాకి ఎత్తి, దొర వేషంలో ఉన్న మామ. కింద డబ్బాలతో జనం. బస్సు వెళ్ళిపోయింది.

అది వెళ్ళిపోయాకే మామ కోటు విప్పాడు. టోపీ తీసి కోటు మీద పెట్టాడు. లోపల నీలం చొక్కా, కోటు తడికి భుజాల దగ్గర నల్లబడి ఉంది.

"కోటు ఇప్పిన," అన్నాడు, మామూలు గొంతుతో. "ఇది నిజం. ఫ్యాక్టరీ తెరుస్తలేరు. నాకెవ్వలు చెప్పలే, నేనే అల్లిన. కోటు లేకుంట అబద్ధం ఆడిన. తప్పు నాది."

"కోటెందుకు ఏస్కోలేదే మరి?" అని అరిచాడు ఎల్లయ్య.

మామ నా వైపు చూడలేదు.

"పచ్చిగ ఉండె."

"పచ్చిగుంటె చెప్పుడు బందువెట్టేది ఉండె!"

"అవ్ తమ్మీ. బందువెట్టేది ఉండె."

"పత్తి ఏరుడు ఇడిసి వచ్చిన నేను," అంది వెనక నుంచి మల్లమ్మ, అమ్మ పక్కన కూర్చుని తీగ చుట్టిన మనిషి. "వచ్చే ఐతారం మా ముచ్చట గూడ చెప్పి నవ్విపియ్యి టీవీల."

కొందరు తిట్టుకుంటూ మంచులోకి వెళ్ళిపోయారు. కొందరు వెళ్ళలేదు, వరస కూడా వదల్లేదు. కాపలా ఆయన ఇంకా నిటారుగానే నిలబడి ఉన్నాడు. ఎవరు ఏం చేయాలో ఎవరికీ తెలియని ఆ సమయంలో అమ్మ ప్రహరీ గోడ పక్కన కొంగు దులిపి కూర్చుంది.

"వచ్చినం గద. డబ్బలు ఏం పాపం జేసినయి? తిని పోదం."

ఒక్కొక్కరే కూర్చున్నారు. మూతలు తీసిన చప్పుడు గోడ పొడుగునా పోయింది. కందిపప్పు, వంకాయ, మామిడి తొక్కు. కాపలా మనిషిని కూడా పిలిచారు. మల్లమ్మ ఏదో అన్నది, ఎవరో నవ్వారు. క్యాంటీన్ అంటే ఇలాగే ఉండేదా అని నేను అమ్మను అడగలేదు.

"రా అన్నా, ఇంత తిని పో," అని అమ్మ పిలిచింది.

మామ మోరీ గోడ దిగి అక్కడే నిలబడి ఉన్నాడు. "లేదు చెల్లె. ఇంటికాడ తింట," అన్నాడు. నా చేతిలోంచి సంచి తీసుకుని, హ్యాండిల్‌కు తగిలించుకుని వెళ్ళిపోయాడు. కోటూ టోపీ తుపాకీ గోడ మీదే వదిలేశాడు. నేను తెచ్చి ఆఫీసులో మేకుకు తగిలించాను. ఇప్పుడు కోటు బాగా ఆరింది.

బస్సులో పిల్లలు తీసిన వీడియోలో గొంతులు లేవు. బొమ్మ మాత్రమే ఉంది. అది అందరి ఫోన్లలోకి వచ్చింది. పవన్‌కుమార్ సార్ రెండుసార్లు మామ ఇంటికి వెళ్ళి బతిమాలాడు. "నవ్వేటోళ్ళకు ముందుగాల నా మీద నమ్మకం ఉండాలె సార్. ఉన్నదా?" అని అడిగాడట మామ. ఆదివారం ఏడు గంటలకు ఇప్పుడు భక్తి పాటలు వేస్తున్నారు. కిటికీల మీద వెలుగు మాత్రం అలాగే కదులుతుంది.

మామ మోటార్లు బాగుచేస్తూనే ఉన్నాడు. ఎల్లయ్య తన బోరు మోటారును మొన్న ఆయన దగ్గరికే తెచ్చాడు. దుకాణానికి వచ్చినవాళ్ళు చాయ్ హోటల్ దగ్గరి మాటలు ఎత్తితే మామ వినబడనట్టు తీగ చుడుతూ ఉంటాడు.

ఆ పొద్దున మామ మోరీ గోడ మీద ఉన్నంతసేపూ సంచి నా చేతిలోనే ఉంది. అందులో ఆయన షిఫ్టుకు పట్టుకెళ్ళే పాత మూడు గిన్నెల స్టీలు డబ్బా ఉంది. అడుగు ఇంకా వెచ్చగా ఉంది.